సికింద్రాబాదు దోమ – ఉద్దానం నీళ్ళు

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మా తాతగారింటి వీధిగోడ మీద గేరురంగుతో రాసిన అంకెలు కొన్ని ఉండేవి. దోమలమందు కొట్టేవాళ్ళు వచ్చినప్పుడల్లా తేదీ వేసి పోయేవారట. చలిజ్వరం పట్టుకుంటే మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదనీ, మందు కొట్టడం మొదలయ్యాక ఊళ్ళో ఆ జ్వరాలు బాగా తగ్గాయనీ తాత చెప్పేవాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లతోపాటు ఆ గోడా పడిపోయింది. ఆ అంకెల వెనక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన అసలు పని జరిగింది మన తెలుగునేల మీదేననీ నాకు డిగ్రీలో చేరాకగాని తెలియలేదు. ప్లాస్మోడియం జీవితచక్రం బొమ్మ వేసి మార్కులు తెచ్చుకోవడం సైన్సు విద్యార్థులందరికీ వచ్చు. ఆ బొమ్మకు కారకుడైన రోనాల్డ్ రాస్ గురించి నాలుగు మాటలు రాయాలని నా చిన్న ప్రయత్నం.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టాడు. తండ్రి ఇక్కడి బ్రిటిషు సైన్యంలో అధికారి. కుర్రవాడికి కవిత్వమన్నా, సంగీతమన్నా, బొమ్మలు వేయడమన్నా ఇష్టం. తండ్రి మాత్రం డాక్టరువి కావలసిందే అన్నాడు. మన ఇళ్ళల్లో జరిగేదే అక్కడా జరిగిందన్నమాట! లండన్‌లో అయిష్టంగానే వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1883లో బెంగుళూరులో ఉండగా, తన బంగళాలో ఇన్ని దోమలెందుకున్నాయా అని వెతికితే, కిటికీ పక్కనున్న నీళ్ళతొట్టెలో వాటి పిల్లపురుగులు కనబడ్డాయి. తొట్టె బోర్లించాడు. దోమలు తగ్గాయి. దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని అప్పటికి ఆయనకే తెలియదు. ఈ తొట్టె సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

1894లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు ఆయనకు రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూపించాడు. దోమకీ దీనికీ లంకె ఉండాలన్నది మాన్సన్ ఊహ. దాన్ని రుజువు చేసే పని రాస్ నెత్తికెత్తుకున్నాడు. 1895లో సికింద్రాబాదు వచ్చి వందలకొద్దీ దోమల్ని కోసి చూశాడు. ఏమీ దొరకలేదు. కారణం, అవి మలేరియాను మోసే జాతి కావు. 1897 ఆగస్టు ఉక్కలో, గాలికి దోమలు కొట్టుకుపోతాయని పంకా కూడా వద్దని కూర్చునేవాడు. చెమటకి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని ఆ దోమలచేత కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న దోమ కడుపుగోడలో నల్లని రేణువులున్న కణాలు కనబడ్డాయి. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో ఇంకో పక్షికి పోతుందని తేల్చాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఇటలీలో గ్రాసీ బృందం 1898లోనే చూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. నన్ను కదిలించింది మాత్రం దీని తరువాతి కథ.

కారణం కనిపెట్టేశాం, మిగతాది సర్కారు చూసుకుంటుంది అని ఆయన ఊరుకోలేదు. 1899లో ఇండియా ఉద్యోగం వదిలి లివర్‌పూల్ వైద్య పాఠశాలలో చేరి, ఆ ఏడే ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్ళాడు. 1901లో మళ్ళీ వెళ్ళి, ఫ్రీటౌన్ పట్టణంలో కూలీలను పెట్టి గుంటలు పూడ్పించాడు, కాలవలు తీయించాడు, నిలవనీటి మీద నూనె చల్లించాడు. ఒక దాత ఇచ్చిన సొమ్ముతో జరిగిన పని అది. సొమ్ము అయిపోయాక పని నిలవలేదు. 1902లో సూయజ్ కాలువ కంపెనీ ఆయనను ఈజిప్టులోని ఇస్మాయిలియాకు పిలిచింది. అక్కడ జీతగాళ్ళతో ఏడాది పొడుగునా పని సాగింది. 1900లో రెండువేలు దాటిన మలేరియా కేసులు 1903లో 214కు దిగాయి. మనిషి ఒకడే, సూత్రం ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందంటే, రెండో ఏడు కూడా కాలవ తీసే మనిషి ఉన్నాడా లేడా అన్నదాంట్లో వచ్చింది.

1907–08లో మారిషస్ దీవికి వెళ్ళినప్పుడు లెక్కలు కట్టి ఇంకో సంగతి చెప్పాడు. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జబ్బు దానంతటదే సన్నగిల్లుతుంది. అంటే పూర్తిగా చేయలేం గనక అసలే చేయం అనడానికి వీల్లేదు.

ఆయనలో లోపాలు లేవని నేననను. కోపిష్ఠి. ఎవరు ముందు కనిపెట్టారన్న తగువు గ్రాసీతో చివరిదాకా వదల్లేదు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు.

ఇక ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస – ఈ పేర్లు చెబితే ఒకప్పుడు కొబ్బరి, పనస, జీడితోటలు గుర్తొచ్చేవి. ఇప్పుడు కిడ్నీ జబ్బు గుర్తొస్తోంది. షుగరు, బి.పి. లేనివాళ్ళకీ, తోటపని చేసుకునేవాళ్ళకీ వస్తోంది. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగక చేసే చాకిరీ అన్నారు. ఇదే కారణమని తిరుగులేకుండా ఇంకా తేలలేదు.

మా పెదనాన్న జీడితోట మనిషి. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. జబ్బు బయటపడక ముందూ తరవాతా మూడుసార్లు ఎవరెవరో వచ్చి ఆయన రక్తం, మూత్రం, మా నూతినీళ్ళు పట్టుకెళ్ళారు. ఒక్కసారి కూడా ఫలితం మా గుమ్మానికి రాలేదు. చదువుకుంటున్నావు కదరా, నా కాగితాలేమయ్యాయో కనుక్కో అని నన్నడిగాడు. నేను తల దించుకున్నాను. హుస్సేన్ ఖాన్‌కి దోమకొక అణా అయినా దక్కింది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. కారణం తేలకుండానే నీళ్ళెందుకు మార్చాలి అని కొందరంటారు. బెంగుళూరు తొట్టె గుర్తుందా? రాస్ రుజువు కోసం ఆగకుండా ముందు తొట్టె బోర్లించాడు, ఆ తరవాత రుజువు వెతికాడు. రెండూ కావాలి. అయితే ఆ కుళాయిలో నీళ్ళు పదో ఏట కూడా రావాలి. లేకపోతే మాది ఇంకో ఫ్రీటౌన్ అవుతుంది.

మనం చేయగలిగింది లేదా? ఉంది. ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఉద్దానంలో పెడదాం. ఏడాదికొకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమనీ, ఒళ్ళునొప్పులకి డాక్టరుని అడక్కుండా బిళ్ళలు మింగొద్దనీ, తోటలోకి మంచినీళ్ళు తీసుకెళ్ళమనీ ఇంటింటికీ చెబుదాం. పరీక్షలకి ఎవరొచ్చినా, ఎవరి ఫలితం వాళ్ళకి తెలుగులో రాసిచ్చి కదలమని పట్టుబడదాం. మా పెదనాన్న తన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి దూలానికి తగిలించుకున్నాడు. ఆ మూడు కాగితాలు మాత్రం ఇంకా అందులో లేవు.