సహోదరుని సంపాదించుకొనుట: విలియం విల్బర్‌ఫోర్సు జీవితము

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి సువార్త 18:15–17, ఫిలేమోను పత్రిక



పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మన పల్లెలలో ఏమి జరుగునో నేను మీకు చెప్పనక్కరలేదు. నిన్నటివరకు ఒకే బావిలో నీళ్లు తోడుకొనినవారు రెండు పార్టీలుగా చీలిపోవుదురు. వియ్యంకుల మధ్య మాటలుండవు. ఒకరి ఇంటి పెండ్లికి మరియొకరు వెళ్లరు. ఆదివారము మందిరములో సహితము ఒక పార్టీవారు ఈ ప్రక్కను, మరియొక పార్టీవారు ఆ ప్రక్కను కూర్చుందురు. ప్రభు బల్లయొద్దకు వచ్చునప్పుడు కూడ ఒకరి ముఖము ఒకరు చూచుకొనరు.

ఇట్టి సమయమున మనకు రెండే మార్గములు కనబడును. ఎదుటివారిని ఓడించుట ఒకటి. గొడవ యెందుకని, అన్యాయమును చూచియు నోరు మూసికొనుట రెండవది. ప్రభువు మూడవ మార్గమును చూపెను. తప్పు చేసిన సహోదరుని యింటికి మనమే వెళ్లవలెననియు, తప్పును తప్పని చెప్పవలెననియు, అతనిని పోగొట్టుకొనక సంపాదించుకొనవలెననియు ఆయన బోధించెను. ఓడించుట వేరు, సంపాదించుకొనుట వేరు. ఈ మూడవ మార్గమున ఇరువది సంవత్సరములు నడచిన ఒక విశ్వాసి చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాను.

బాల్యము, మారుమనస్సు

విలియం విల్బర్‌ఫోర్సు 1759 ఆగస్టు 24న ఇంగ్లండులోని హల్ అను రేవుపట్టణములో ఒక ధనిక వర్తకుని ఇంట జన్మించెను. 1768లో తండ్రి చనిపోగా, బాలుడు తండ్రి సోదరుని ఇంట కొంతకాలము పెరిగెను. ఆ ఇంటివారు భక్తిపరులు. అక్కడ బాలుడు సువార్త వినెను. అయితే కుమారుడు భక్తిలో పడి లోకమునకు పనికిరాకుండ పోవునేమోయని తల్లి భయపడి, అతనిని తిరిగి తీసికొనిపోయెను. తరువాత కేంబ్రిడ్జిలో చదువుకొనెను. పేకాటలు, విందులు, పాటలు ఆయన దినచర్య. 1780లో 21 యేండ్ల ప్రాయమున పార్లమెంటు సభ్యుడాయెను. ఆయన ప్రాణస్నేహితుడైన విలియం పిట్ 1783లో 24 యేండ్లకే ప్రధానమంత్రి ఆయెను.

1785లో దేవుడు ఆయన హృదయమును పట్టుకొనెను. స్నేహితునితో ప్రయాణము చేయుచు ఒక భక్తి గ్రంథమును, గ్రీకు క్రొత్త నిబంధనను చదువుచుండగా, తన జీవితము ఎంత వ్యర్థమో ఆయనకు తెలిసెను. రాజకీయములు విడిచిపెట్టవలెనని తలంచి, సలహా కొరకు లండనులోని జాన్ న్యూటన్ పాదిరిగారియొద్దకు వెళ్లెను. ఎవరైన చూచి నవ్వుదురేమోయను భయముతో, తలుపు తట్టకముందు ఆ వీధిలోనే ఇటు అటు తిరిగెనట. ఈ న్యూటన్ ఒకప్పుడు బానిసలను మోసికొనిపోవు ఓడకు కప్తానుగా నుండినవాడు. కృపచేత మార్చబడి సువార్తికుడైనవాడు. పార్లమెంటు విడువవద్దనియు, దేవుడు ఆయనను అక్కడనే వాడుకొనుననియు న్యూటన్ చెప్పెను. పిట్‌కూడ అదే మాట వ్రాసెను. విల్బర్‌ఫోర్సు తన స్థలములోనే నిలిచెను.

ఆనాటి పాపము

ఆ దినములలో లివర్‌పూల్, బ్రిస్టల్, లండను రేవులనుండి ఓడలు ఆఫ్రికాకు పోయి, సరకులిచ్చి మనుష్యులను కొనుచుండెను. గొలుసులతో బంధించిన ఆ స్త్రీ పురుషులను, బిడ్డలను సముద్రము దాటించి వెస్టిండీస్ దీవులలో చెరకుతోటల యజమానులకు అమ్ముచుండిరి. తరువాత ఆ ఓడలే పంచదార నింపుకొని ఇంగ్లండు చేరెడివి. బ్రిటిషు ఓడలు ఈ విధముగా ఎక్కించుకొనిన ఆఫ్రికనుల సంఖ్య మొత్తముమీద 30 లక్షలకు పైబడెను. వారిలో లక్షలమంది దారిలోనే చనిపోయిరి. బ్రూక్స్ అను ఒక ఓడలో 454 మందిని మించి ఎక్కించరాదని 1788 నాటి చట్టము చెప్పగా, అంతకుముందు అదే ఓడ 600 మందికి పైగా మోసికొనిపోయెను. ఇది దొంగ వ్యాపారము కాదు. చట్టము ఒప్పుకొనిన వ్యాపారము. గొప్పవారి ధనము దానిలో నుండెను. చాలమంది క్రైస్తవులు ఆ పంచదారను తినుచు మౌనముగా నుండిరి.

1787లో లండనులో 12 మంది కూడి, ఈ వ్యాపారమును మాన్పించుటకు ఒక సంఘమును స్థాపించిరి. వారిలో తొమ్మండుగురు క్వేకర్లు. క్వేకర్లకు ఆనాడు పార్లమెంటులో ప్రవేశము లేదు; తక్కిన సంఘములవారు వారిని చిన్నచూపు చూచుచుండిరి. తక్కిన ముగ్గురు ఇంగ్లండు సంఘమునకు చెందినవారు. వారిలో థామస్ క్లార్క్‌సన్, గ్రాన్విల్ షార్ప్ ముఖ్యులు. బానిసత్వమునుండి విడుదల పొందిన ఒలౌడా ఈక్వియానో 1789లో తన జీవితచరిత్రను ప్రచురించి, ఊరూరు తిరిగి తాను అనుభవించిన దానిని చెప్పెను. వీరందరి పక్షమున పార్లమెంటులో మాటలాడు పని విల్బర్‌ఫోర్సు భుజములమీద పడెను.

ఎదుటివారితో మాటలాడిన విధము

1789 మే 12న ఆయన కామన్సు సభలో మూడు గంటలకు పైగా మాటలాడెను. ఎదుట తోటల యజమానులు, వర్తకుల పక్షమువారు కూర్చుండియుండిరి. వారిని హంతకులని తిట్టినయెడల బయట చప్పట్లు దొరకియుండును. ఆయన అట్లు చేయలేదు. ఒకరిమీద నేరము మోపుటకు తాను రాలేదనియు, ఈ వ్యాపారమును సాగనిచ్చిన పార్లమెంటు అంతయు, తనతో సహా, దోషియే యనియు ఆయన ఒప్పుకొనెను. లివర్‌పూల్ వర్తకులును హృదయము లేనివారు కారనియు, ఓడలోని ఒక్క మనుష్యుని బాధను దగ్గరగా చూచినయెడల వారును ఓర్వలేరనియు చెప్పెను. అంతలో నిజమును మాత్రము దాచలేదు. గొలుసులు, రోగములు, మరణములు అన్నియు వారి యెదుట పరచెను.

ఎదుటివారి భయములను కూడ ఆయన వినెను. ఈ వ్యాపారము మన నావికులకు పాఠశాల వంటిదని వారు వాదించిరి. క్లార్క్‌సన్ గుఱ్ఱముమీద వేల మైళ్లు తిరిగి, రేవులలోని ఓడల పట్టికలు పరీక్షించి, ఆ ఓడలలో ఇంగ్లీషు నావికులే విరివిగా చనిపోవుచున్నారని చూపించెను. క్రొత్త బానిసలు రానిదే తోటలు పాడగునని వారు వాదించిరి. ఉన్నవారిని మనుష్యులవలె చూచినయెడల క్రొత్తవారు అక్కరలేదని విల్బర్‌ఫోర్సు ఉత్తరమిచ్చెను. పదేపదే అదే నిజమును, వారికి బోధపడు మాటలలో చెప్పెను.

ఇంతకంటె కష్టమైన పని మరియొకటి కలదు. పిట్‌కు రాజకీయములలో బద్ధవిరోధి ఛార్లెస్ జేమ్స్ ఫాక్స్. 1784 ఎన్నికలలో యార్క్‌షైరులో ఫాక్స్ పక్షమువారిపై నిలిచి గెలిచినవాడు విల్బర్‌ఫోర్సే. పైగా ఫాక్స్ జూదగాడు, విలాసపురుషుడు. భక్తులు అతని పేరు చెప్పుటకే ఇష్టపడరు. అయినను బానిసల విషయములో అతని హృదయము సరియైనదని విల్బర్‌ఫోర్సు గ్రహించెను. అన్ని సంగతులలో ఏకీభవించువరకు కాచుకొని యుండలేదు. ఏకీభవించిన ఒక్క సంగతిలో చేయి కలిపెను. పిట్, ఫాక్స్ రాజకీయములలో విరోధులైనను, ఈ విషయములో ఒకే వైపు నిలిచి మాటలాడిరి.

ఓటమి మీద ఓటమి

1791లో ఓట్లు తీయగా 88 మంది ఆయన వైపును, 163 మంది ఎదురుగాను నిలిచిరి. 1792లో దేశమంతటినుండి 519 మహజర్లు వచ్చెను. వేలాది కుటుంబములు పంచదార మానుకొనెను. అయినను హెన్రీ డండాస్ అను మంత్రి, క్రమక్రమముగా మాన్పవలెనని తీర్మానములో ఒక మాట చేర్చెను. దానిని సభ ఒప్పుకొనెను గాని, ఆ క్రమము రానేలేదు. పాపమును రేపు మానెదమని చెప్పుట, మానమని చెప్పుటకంటె సులభము.

అంతలో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చెను. బానిసల పక్షమున మాటలాడువారందరు విప్లవకారులని నింద పడెను. 1794 డిసెంబరులో, సంధి కొరకు ప్రయత్నించవలెనని విల్బర్‌ఫోర్సు సభలో ప్రతిపాదించెను. ఇది తన స్నేహితుడైన ప్రధానమంత్రికే ఎదురు. పిట్ ఎంతో నొచ్చుకొనెను. ప్రభుత్వ పక్షమువారు ముఖము త్రిప్పుకొనిరి. ఎదుటి పక్షమువారు తమలో చేరుమని ఆశించిరి, ఆయన చేరలేదు. మనస్సాక్షిని అమ్ముకొనలేదు, స్నేహితుని ద్వేషింపలేదు. 1795లోనే ఆ యిద్దరు తిరిగి సమాధానపడిరి.

1796లో నాలుగే ఓట్లతో, 74కు 70తో, బిల్లు ఓడిపోయెను. ఆ రాత్రి ఆయన వైపువారు కొందరు క్రొత్త సంగీత నాటకమును చూడబోయిరి. విల్బర్‌ఫోర్సు జబ్బుపడెను; పార్లమెంటు విడిచిపోవుటకు మరల ఆలోచించెను. వృద్ధుడైన న్యూటన్ ఆయనకు దానియేలును జ్ఞాపకము చేసెను. అన్యరాజుల కొలువులో దానియేలును కాపాడిన దేవుడే ఆయనను కాపాడునని ధైర్యపరచెను.

విజయము

1806 జనవరిలో పిట్ చనిపోయెను. అధికారము గ్రెన్విల్, ఫాక్స్ అను వారి చేతికి వచ్చెను. స్నేహితుడు పోయెను, స్నేహితుని విరోధి మంత్రియాయెను. పార్టీ మనిషికి ఇది చీకటి దినము. అయితే ఇరువది యేండ్లుగా ఎదుటివారి గుమ్మము తొక్కినవానికి ఆ తలుపు అప్పటికే తెరవబడియుండెను. జూన్‌లో ఫాక్స్ తానే తీర్మానము ప్రవేశపెట్టి నెగ్గించెను; సెప్టెంబరులో మరణించెను. గ్రెన్విల్ లార్డుల సభలో బిల్లును గట్టెక్కించెను. 1807 ఫిబ్రవరి 23న కామన్సు సభలో 283 మంది అనుకూలముగాను, 16 మంది మాత్రమే ప్రతికూలముగాను ఓటు చేసిరి. సభ లేచి ఆయనను అభినందించుచుండగా, విల్బర్‌ఫోర్సు తల వంచుకొని కన్నీరు కార్చుచుండెను. మార్చి 25న అది చట్టమాయెను. 1791లో 88 మంది, 1807లో 283 మంది. సభ్యులలో కొందరు మారిరి, కొందరి మనస్సులే మారెను.

1813లో కుంపినీ చట్టము మార్చబడినప్పుడు, మిషనరీలు హిందూదేశమునకు అనుమతితో వచ్చుటకు త్రోవ తెరువబడెను. అందుకును ఆయనే ముందు నిలిచి, వేర్వేరు సంఘములవారిని ఒకచోట చేర్చి పోరాడెను. మన సంఘములును ఆ పనికి ఋణపడియున్నవి.

ఆయనలోని కొరత

పరిశుద్ధులను పొగడునప్పుడు నిజమును దాచరాదు. 1799లో కూలివారు సంఘములుగా కూడకూడదని చేసిన చట్టమును విల్బర్‌ఫోర్సు బలపరచెను. దూరపు బానిసల కొరకు ఏడ్చి, తన వీధిలోని బీదవానిని మరచెనని కొందరు ఆయనను నిందించిరి. ఆ నింద పూర్తిగా అబద్ధము కాదు.

వ్యాపారము ఆగినను, అప్పటికే బానిసలైనవారు బానిసలుగానే యుండిరి. వారి విడుదల కొరకైన పోరాటమును ఆయన తరువాత థామస్ ఫౌవెల్ బక్స్‌టన్‌కు అప్పగించెను. జమైకాలో 1831 క్రిస్మసు దినములలో బానిసలే లేచిరి. వారి నాయకుడు శామ్యూల్ షార్ప్ బాప్టిస్టు సంఘపు పరిచారకుడు, 1832లో ఉరితీయబడెను. బానిసత్వ నిర్మూలన బిల్లు కామన్సు సభలో నెగ్గిన వార్త విన్న మూడు దినములకు, 1833 జూలై 29న, విల్బర్‌ఫోర్సు ప్రభునందు నిద్రించెను. ఆ చట్టము యజమానులకు రెండు కోట్ల పౌండ్లు ఇచ్చెను, విడుదలైనవారికి ఏమియు ఇయ్యలేదు. కుంపినీ ఏలిన మన దేశమును ఆ చట్టము విడిచిపెట్టెను; ఇక్కడ చట్టము 1843లో వచ్చెను.

అన్ని పక్షముల పెద్దలు కోరగా, ఆయన దేహమును వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పాతిపెట్టిరి. అక్కడ పిట్, ఫాక్స్, విల్బర్‌ఫోర్సు సమాధులు దగ్గర దగ్గరనే యున్నవి.

మనకు పాఠములు

1. పాపమును ద్వేషించి మనుష్యుని ప్రేమించుట. పౌలు ఫిలేమోనుకు వ్రాసినప్పుడు అతనిని అవమానింపలేదు. అయినను ఒనేసిమును సహోదరునిగా చేర్చుకొనుమని అడుగుట మానలేదు.

2. ముందుగా మన తప్పును ఒప్పుకొనుట. మేమును దోషులమే అని చెప్పువాని మాటకు ఎదుటివాడు చెవి యొగ్గును. నీవే దోషివి అనువాని మాటకు తలుపు మూయును.

3. సమాధానము పేరిట న్యాయమును విడువకుండుట. విల్బర్‌ఫోర్సు ఎదుటివారితో కలిసి భోజనము చేసెను గాని, బానిసల సంగతిని బల్లక్రింద దాచలేదు. మన ఊరిలో కూలి ఎగవేయబడిన బీదవానిని, నీళ్లయొద్ద త్రోసివేయబడిన స్త్రీని మరచి రెండు పార్టీలు రాజీపడినయెడల, అది దేవుని సమాధానము కాదు.

ఇంటింటి కూడికలో ఆలోచించుటకు

ఎన్నికల తరువాత నేను పలుకరింపని ఇల్లు ఏది? ఆ ఇంటివారితో నేను ఏకీభవింపగల ఒక్క మంచి పని ఏది? ఈ వారము వారి గుమ్మమునకు ముందుగా నేను వెళ్లగలనా?

ప్రార్థన

సమాధానకర్తయగు తండ్రీ, మా పల్లెలోని అడ్డుగోడలను నీ కుమారుని సిలువచేత పడగొట్టుము. తప్పును తప్పని చెప్పు ధైర్యమును, తప్పు చేసినవానిని విడువని ప్రేమను మాకు అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.