జె.బి.ఎస్. హాల్డేన్

మాచర్లకు సమీపాన కృష్ణాజలాల నడుమ నిలిచిన నాగార్జునకొండ నేడొక ద్వీపం. అయితే పక్షులు ఆ జలాశయాన్ని సులభంగా దాటగలవు. కనుక అక్కడి పక్షులు తీరంలోని వాటితో కలుస్తూనే ఉంటాయి. దక్షిణ అమెరికాకు సుమారు 1000 కిలోమీటర్ల దూరాన గల గలపాగోస్ దీవుల స్థితి వేరు. పూర్వమెన్నడో అక్కడికి చేరిన చిన్న పక్షుల సంతతి, తక్కిన తమ జాతికి శాశ్వతంగా దూరమైంది. గట్టి గింజలున్న చోట బలమైన ముక్కు గలవి, పురుగులు దొరికే చోట సన్నని ముక్కు గలవి ఎక్కువగా బ్రతికాయి. తరతరాల అనంతరం అవి వేర్వేరు జాతులయ్యాయి. ఇట్టి మార్పులకు మూలమని డార్విన్ ప్రతిపాదించిన ప్రకృతి వరణాన్ని గణితంతో బలపరచిన వారిలో అగ్రగణ్యుడు హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలోని వాయువులపై తండ్రి జరిపిన పరిశోధనలలో బాల్యంలోనే పాలుపంచుకున్నాడు. గణితాన్ని, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలను అభ్యసించిన ఆయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు.

రెండు జాతుల కలయికతో పుట్టిన సంతానంలో ఆడ, మగలలో ఒకటి మాత్రమే లోపించినా, వంధ్యమైనా, అది రెండు భిన్నమైన లింగ క్రోమోజోములు గలదే అవుతుందని 1922లో సూత్రీకరించాడు. పక్షులలో అది ఆడది. జాతులు విడిపోయే తీరును తెలిపే ఈ సూత్రం ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది.

ప్రకృతి వరణం అంత వేగంగా పనిచేయగలదా అన్న సందేహం ఆనాడు బలంగా ఉండేది. ఇంగ్లండులో కర్మాగారాల మసితో చెట్లు నల్లబడగా, పక్షుల కంటబడక నల్లని పెప్పర్డ్ మాత్ పురుగులు వృద్ధి చెందాయి. అర్ధశతాబ్దంలో అవి తెల్లవాటి స్థానాన్ని ఆక్రమించాలంటే, తెల్లవి 100 మిగిలిన చోట నల్లవి 150 మిగలాలని 1924లో లెక్కగట్టాడు. సందేహానికి సంఖ్య సమాధానమైంది.

1956లో ఈజిప్టుపై బ్రిటన్ జరిపిన దాడిని నిరసించి, 1957లో భార్య హెలెన్ స్పర్వేతో భారతదేశానికి వచ్చాడు. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరి, భారత పౌరసత్వం స్వీకరించి, మన వస్త్రధారణను అలవరచుకున్నాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యులలో ఒకడు. ఖరీదైన పరికరాలు లేకున్నా, పరిసరాలలోని జీవులను ఓపికగా గమనించి, లెక్కించి విజ్ఞానాన్ని సాధించవచ్చునని శిష్యులకు బోధించాడు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జీవుల మార్పును జీవితాంతం లెక్కించిన ఆ శాస్త్రవేత్త, తన దేహాన్ని సైతం తెలుగునాట విద్యార్థులకు పాఠంగా మిగిల్చాడు.