వంద డాలర్ల నోటు మీది అప్పుల కుర్రాడు

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు సరదాగా తీసి చూపించే వంద డాలర్ల నోటు మీద, బట్టతల, చెవుల కిందికి జారిన జుట్టుతో ఓ పెద్దాయన బొమ్మ ఉంటుంది. ఆయనే బెంజమిన్ ఫ్రాంక్లిన్. గాలిపటం ఎగరేసి మెరుపులో ఉన్నది కరెంటేనని చెప్పిన శాస్త్రవేత్తగా మన పిల్లలు స్కూలు పుస్తకాల్లో చదువుకుంటారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన పెద్దల్లోనూ ఆయన ఒకరు. ఇవన్నీ చాలామందికి తెలుసు. కానీ ఇదే మనిషి 18 ఏళ్ళ వయసులో, నమ్మి అప్పగించిన వేరొకరి డబ్బు వాడేసుకుని, ఎప్పుడు అడుగుతారోనని భయపడుతూ బతికాడని చాలామందికి తెలియదు.

క్రెడిట్ అనే మాటకి తెలుగులో పరపతి అని చక్కటి మాట ఉంది. ఊళ్ళల్లో సహకార పరపతి సంఘం బోర్డులు చూసే ఉంటారు. ఫలానా వాళ్ళకి ఊళ్ళో మంచి పరపతి ఉందంటే మాత్రం మర్యాద, పలుకుబడి అనే అర్థం తీసుకుంటాం. అప్పు పుట్టడం, మాట చెల్లడం రెండూ ఒకే చెట్టు కాయలని మన పెద్దవాళ్ళకి తెలుసన్నమాట. ఆ సంగతి ఫ్రాంక్లిన్‌కి తెలిసి రావడానికి కొన్నేళ్ళు పట్టింది.

మూడు రొట్టెల కుర్రాడు

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. తండ్రిది కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసే వ్యాపారం. ఆయనకి మొత్తం 17 మంది సంతానం. అంత పెద్ద సంసారంలో బెంజమిన్ బడికి వెళ్ళింది రెండేళ్ళే. 12వ ఏట అన్న జేమ్స్ ప్రెస్‌లో పని నేర్చుకోవడానికి కుదిరాడు. అన్నదమ్ములకి పడలేదు. 1723లో, 17 ఏళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు.

చేతిలో ఒక డాలరు, కాసిని రాగి నాణాలు మిగిలాయి. ఆకలికి మూడు పెద్ద రొట్టెలు కొని, రెండు చంకల్లో చెరొకటి పెట్టుకుని, మూడోది తింటూ వీధిలో నడుస్తుంటే ఒక గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి అతని అవతారం చూసింది. ఆమె డెబొరా రీడ్. తర్వాత ఆమే అతని భార్య అయింది. ఆ కథ మధ్యలో చాలా మలుపులున్నాయి.

వెర్నన్ గారి 35 పౌన్లు

కుర్రాడు చురుకైనవాడని గవర్నర్ విలియం కీత్ చెవిన పడింది. నీకు సొంత ప్రెస్ పెట్టిస్తానని ఆయన ఆశపెట్టాడు. 1724లో ఫ్రాంక్లిన్ బోస్టన్ వెళ్ళి తండ్రి సాయం అడిగాడు. ఇంత చిన్నవయసులో అంత భారం నెత్తికెత్తుకోవద్దన్నాడు తండ్రి. కష్టపడి, పొదుపుగా ఉంటే 21 ఏళ్ళకి నీకే కొంత కూడుతుంది, తగ్గింది అప్పుడు నేను సర్దుతానని నచ్చచెప్పి పంపాడు.

తిరిగి వచ్చేదారిలో అన్నగారి స్నేహితుడు వెర్నన్ ఒక పని అప్పగించాడు. తనకి పెన్సిల్వేనియాలో రావలసిన 35 పౌన్లు వసూలు చేసి, తను చెప్పేదాకా దగ్గర ఉంచమన్నాడు. ఫ్రాంక్లిన్ వసూలు చేశాడు. కానీ కాలిన్స్ అనే చిన్ననాటి స్నేహితుడు తాగుడికి అలవాటుపడి, పని దొరక్క, అతని మీదే పడ్డాడు. ఇవాళ కొంచెం, రేపు కొంచెం అంటూ చేబదులు తీసుకుంటూ పోయాడు. ఇచ్చిందంతా వెర్నన్ డబ్బే. చివరికి కాలిన్స్ బార్బడోస్ వెళ్ళిపోయాడు. అక్కడ సంపాదించగానే పంపుతానన్నాడు. ఆ తర్వాత మనిషి అయిపే లేడు.

స్నేహితుడికి కాదనలేక తనది కాని డబ్బు తీసి ఇచ్చే కుర్రాళ్ళు ఇప్పటికీ ఎన్ని ఇళ్ళల్లో లేరు! పేరు పోయేది మాత్రం తీసుకున్నవాడిది కాదు, ఇచ్చినవాడిది.

అదే ఏడాది చివర గవర్నరు మాట నమ్మి, ప్రెస్ సామాను కొనడానికి ఫ్రాంక్లిన్ లండన్ ఓడెక్కాడు. అక్కడ అప్పు పుట్టేలా హామీ ఉత్తరాలు పంపుతానని గవర్నరు చెప్పాడు. తీరా చూస్తే ఓడలో ఒక్క ఉత్తరమూ లేదు. తోటి ప్రయాణికుడు థామస్ డెనమ్ అనే వర్తకుడు అసలు సంగతి విప్పాడు. కీత్‌కే బజారులో పరపతి లేదు, ఇక ఇంకొకరికి ఏం ఇస్తాడు! కుర్చీ ఎంత పెద్దదైనా దానితోపాటు నమ్మకం రాదని ఆ 18 ఏళ్ళ పిల్లవాడికి పరాయి దేశంలో, ఖాళీ చేతులతో తెలిసింది.

పళ్ళేల కింద చీటీలు

ఈ డెనమ్ కథ మన ఆడపిల్లలకీ మగపిల్లలకీ తప్పక చెప్పదగ్గది. ఆయన ఒకప్పుడు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వ్యాపారం చేసి దివాలా తీశాడు. అప్పులవాళ్ళతో వచ్చినకాడికి సర్దుబాటు చేసుకుని అమెరికా వెళ్ళాడు. కొన్నేళ్ళలో బాగా సంపాదించాడు. ఫ్రాంక్లిన్‌తో ఒకే ఓడలో ఇంగ్లండు వచ్చాక, పాత అప్పులవాళ్ళందరినీ భోజనానికి పిలిచాడు. వచ్చినవాళ్ళకి విందు తప్ప వేరే ఆశ లేదు. మొదటి వాయి తిన్న పళ్ళేలు తీసేసరికి, ఒక్కొక్కరి పళ్ళెం కింద మిగిలిన బాకీ వడ్డీతో సహా చెల్లించమని బ్యాంకుకి రాసిన చీటీ ఉంది. చట్టప్రకారం వాళ్ళు ఇక అడగలేరు. అయినా ఆయన ఇచ్చాడు.

ఫ్రాంక్లిన్ లండన్‌లో ఏడాదిన్నర అచ్చుపని చేసుకుని బతికాడు. అక్కడా ఒక స్నేహితుడికి అప్పిచ్చి పోగొట్టుకున్నాడు. 1726లో డెనమ్ దగ్గర గుమస్తాగా చేరి ఫిలడెల్ఫియాకి తిరిగి వచ్చాడు.

ఒంటిచక్రం బండి మీద కాగితం

1728లో హ్యూ మెరెడిత్ అనే తోటి పనివాడితో కలిసి సొంత ప్రెస్ పెట్టాడు. పెట్టుబడి మెరెడిత్ తండ్రిది, పనితనం ఫ్రాంక్లిన్‌ది. మొదటి గిరాకీ 5 షిల్లింగులు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజున వచ్చిన ఆ అయిదుని ఫ్రాంక్లిన్ ముసలితనం దాకా మర్చిపోలేదు.

ఇక్కణ్ణించి అతను మారిన మనిషి. బట్టలు సాదా. తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ ఎవరికీ కనిపించడు. ప్రెస్‌కి కాగితం కొంటే కూలివాణ్ణి పెట్టకుండా ఒంటిచక్రం బండి మీద తనే తోసుకుంటూ బజారు మధ్యనుంచి తీసుకువచ్చేవాడు. కష్టపడితే చాలదు, కష్టపడేవాడినని నలుగురికీ తెలియాలి, అప్పుడే అప్పిచ్చేవాళ్ళు నమ్ముతారని అతని లెక్క. రాత్రి పొద్దుపోయేదాకా ప్రెస్‌లో దీపం వెలగడం, ఊరు లేవకముందే మళ్ళీ పని మొదలవడం వర్తకుల చెవిన పడింది. ఒకాయన తనంత తానే వచ్చి సామాను అరువు ఇస్తానన్నాడు. దుకాణం పెట్టే ఆలోచన అప్పటికి లేదు కనక ఫ్రాంక్లిన్ వద్దన్నాడు. అప్పు పుడుతోంది కదా అని తీసుకోకపోవడం కూడా పరపతిలో భాగమే.

అంతలో పిడుగు పడింది. మెరెడిత్ తండ్రి ఒప్పుకున్న 200 పౌన్లలో సగమే కట్టగలిగాడు. మిగతా 100 కోసం సామాను తెప్పించిన వర్తకుడు కోర్టుకెక్కాడు. ప్రెస్ వేలానికి పోయే పరిస్థితి. అప్పుడు విలియం కోల్మన్, రాబర్ట్ గ్రేస్ అనే ఇద్దరు స్నేహితులు, ఒకరికి తెలియకుండా ఒకరు, అడగకుండానే వచ్చి కావలసిన సొమ్మంతా ఇస్తామన్నారు. తాగుడు మరిగిన మెరెడిత్‌ని వదిలించుకోమని ఇద్దరూ చెప్పారు. మెరెడిత్‌లు మాట నిలబెట్టుకునే అవకాశం ఉన్నంతవరకూ తను తెంచుకోనన్నాడు ఫ్రాంక్లిన్. చివరికి మెరెడిత్ తనే తప్పుకుంటానన్నాక, ఎవరి మనసూ నొప్పించకుండా ఇద్దరి దగ్గరా చెరి సగం తీసుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెర్నన్ పాత బాకీ గుర్తుచేశాడు. ఫ్రాంక్లిన్ తప్పించుకు తిరగలేదు. బాకీ ఒప్పుకుంటూ, ఇంకొంచెం గడువు ఇమ్మని ఉత్తరం రాశాడు. వెర్నన్ ఇచ్చాడు. చేతిలో డబ్బు ఆడగానే అసలు, వడ్డీ రెండూ కట్టేశాడు.

అప్పు అబ్బాయిది, తాకట్టు అమ్మాయివాళ్ళ ఇల్లు

ఈ పెద్దమనిషి చరిత్రలో మనం మర్చిపోకూడని ఒక పుట ఉంది. ప్రెస్ అప్పు ఇంకా 100 పౌన్ల దాకా ఉండగా అతనికి ఒక పెళ్ళి సంబంధం వచ్చింది. ఆ అప్పు తీరేంత కట్నం కావాలన్నాడు. అంత లేదన్నారు అమ్మాయి తరఫువాళ్ళు. ఇల్లు తాకట్టు పెట్టుకోవచ్చుగా అన్నాడు! అచ్చు వ్యాపారంలో లాభం లేదని వాళ్ళు వెనక్కి తగ్గడంతో సంబంధం తప్పిపోయింది. పరపతి గురించి అంత తెలిసినవాడికి కూడా, తన అప్పుకి ఇంకొకరి గూడు తాకట్టు పెట్టించడం తప్పనిపించలేదు.

డెబొరా సంగతి చూడండి. లండన్ వెళ్ళేముందు ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. అక్కణ్ణించి అతను రాసింది ఒకే ఒక్క ఉత్తరం. ఆమెకి వేరే పెళ్ళి చేశారు. ఆ భర్త అప్పులు చేసి దేశాలు పట్టిపోయాడు, చనిపోయాడని పుకారు. ఆమెని చేసుకునేవాడి మెడకి ఆ అప్పులు చుట్టుకుంటాయని అందరికీ భయం. అయినా 1730 సెప్టెంబర్ 1న ఇద్దరూ ఒకటయ్యారు. అదృష్టం, ఏ అప్పులవాడూ తలుపు తట్టలేదు.

కట్నం తేని ఆ ఇల్లాలు తెచ్చిందేమిటో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అచ్చయిన పుస్తకాలు మడతపెట్టి కుట్టేది. దుకాణంలో కూర్చునేది. కాగితం తయారీకి పాత గుడ్డపీలికలు కొనేది. 1733లో అతను ఊరు వెళుతూ ఆమె పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు. చాలాకాలం ఇద్దరూ నాటు సామానుతోనే గడిపారు. మట్టి చిప్పలో పాలు, రొట్టె, తగరపు చెంచా. ఒక ఉదయం చూస్తే పింగాణీ గిన్నె, వెండి చెంచా! భర్తకి చెప్పకుండా 23 షిల్లింగులు పెట్టి కొంది. ఇరుగుపొరుగు మగవాళ్ళకి ఉన్నపాటి గిన్నె, చెంచా తన భర్తకీ ఉండాలని ఆమె సమాధానం. అప్పు చేసి పప్పుకూడు కాదిది, సంపాదించాకే కొన్న గిన్నె.

వ్యాపారం పెరిగింది. 42 ఏళ్ళకే, 1748లో, ఆయన అచ్చుపని నుంచి విశ్రాంతి తీసుకోగలిగాడు. డెబొరా 1774లో చనిపోయేనాటికి ఆయన ఇంగ్లండులో ఉన్నాడు. పదేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. అందరి బాకీలూ తీర్చిన ఆయన ఆ ఒక్క బాకీ తీర్చలేదు.

25 ఏళ్ళలోపు వాళ్ళకి

1790 ఏప్రిల్ 17న ఫ్రాంక్లిన్ కన్నుమూశాడు. అంతకుముందు ఏడాది వీలునామాకి చేర్చిన కాగితంలో బోస్టన్‌కి, ఫిలడెల్ఫియాకి వెయ్యేసి పౌన్లు రాశాడు. అది దానం కాదు. పని నేర్చుకున్న, పెళ్ళయిన, 25 ఏళ్ళలోపు పనివాళ్ళకి అప్పుగా ఇవ్వాలి. 15 నుంచి 60 పౌన్ల దాకా, 5 శాతం వడ్డీ, ఏడాదికొక వాయిదా చొప్పున పదేళ్ళలో తీర్చాలి. ఇద్దరు పరువుగల మనుషులు హామీ ఉండాలి. తన సంపాదనకి పునాది ఇద్దరు స్నేహితులు ఇచ్చిన అప్పేనని అందులోనే చెప్పుకున్నాడు. 200 ఏళ్ళ గడువు ముగిసేసరికి ఆ నిధి బోస్టన్‌లో దాదాపు 50 లక్షల డాలర్లు, ఫిలడెల్ఫియాలో దాదాపు 20 లక్షల డాలర్లు అయింది. ఆ పథకంలో ఆడవాళ్ళకి చోటు లేదు. డెబొరా లాంటి పనిమంతురాలు వచ్చినా అప్పు పుట్టేది కాదు.

ఇప్పుడు మన అమ్మాయిలకీ అబ్బాయిలకీ మొదటి జీతం పడకముందే క్రెడిట్ కార్డు ఇస్తామని ఫోన్లు వస్తాయి. ఫోను మీద నాలుగు నొక్కులు నొక్కితే అప్పు ఖాతాలో పడుతుంది. ఊరంతా చూసే ఒంటిచక్రం బండి బదులు, 300 నుంచి 900 దాకా ఉండే స్కోరు చూసి బ్యాంకువాళ్ళు మనిషిని అంచనా వేస్తున్నారు. లెక్క మాత్రం అప్పటిదే. కార్డు మీద తీరిగ్గా కట్టగలిగినంతే వాడాలి. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగిలినదాని మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టేముందు, అతను కట్టకపోతే నేను కట్టగలనా అని చూసుకోవాలి. వాయిదా తప్పేలా ఉంటే ఫోను కట్టేసి తిరగకుండా, ముందే వెళ్ళి గడువు అడగాలి.

పెళ్ళి మాటలప్పుడు అబ్బాయి జీతం అడుగుతాం. అప్పులెన్ని, వాయిదాలు సరిగా కడుతున్నాడా అని కూడా మొహమాటపడకుండా అడగాలి. మన అమ్మాయికి తన పేర ఖాతా, తన పేర పరపతి ఉన్నాయా అని మనల్ని మనం అడుక్కోవాలి. ఈ కబుర్లు చెప్పడానికి పిల్లలకి ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కాలేజీలో ఉండగానే మొదలుపెడితే మంచిది.