తోలులో కెమిస్ట్రీ చూపిన నాయుడమ్మ



ఇంటర్ తర్వాత ఏ కోర్సు అన్న చర్చ మీ ఇంట్లో మొదలైందా? అయితే మన తెనాలి ప్రాంతపు శాస్త్రవేత్త డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గురించి మీరు తెలుసుకోవాలి.

ఆయన 1922 సెప్టెంబర్ 10న తెనాలి దగ్గరి యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివారు. తర్వాత తోలు రంగాన్ని ఎంచుకున్నారు. ఆ పనిని అంటరానిదిగా చూసిన రోజులవి.

తోలులో చదువేముంది అంటారా? పచ్చి చర్మంలో కొలాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది త్వరగా కుళ్లుతుంది, వేడినీటిలో ముడుచుకుపోతుంది. క్రోమియం లవణాలు ఆ ప్రోటీన్ గొలుసులను కలిపి కట్టేస్తాయి. అప్పుడది మరిగే నీటినీ తట్టుకుంటుంది. రసాయన బంధాలు, పీహెచ్, ఉష్ణోగ్రత... మీ పిల్లల కెమిస్ట్రీ పాఠాలన్నీ అక్కడ పనిచేస్తాయి.

అమెరికాలో డాక్టరేట్ చేసి వచ్చి, 1958లో మద్రాసు కేంద్ర తోలు పరిశోధన సంస్థ డైరెక్టరయ్యారు. విశ్వవిద్యాలయ చదువును, ప్రయోగశాలను, తోళ్ల కార్ఖానాను ఒకదానికొకటి దగ్గర చేశారు. 1971లో సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా, 1981లో ఢిల్లీ జేఎన్‌యూ వైస్ చాన్సలర్‌గా బాధ్యతలు చేపట్టారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో కన్నుమూశారు.

మీ అమ్మాయో అబ్బాయో మీరెప్పుడూ వినని కోర్సు పేరు చెబితే, నలుగురూ ఏమనుకుంటారో అని ఆలోచించే ముందు, అందులో ఏం నేర్పుతారో పిల్లలనే అడగండి. వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.