ఇసుకలో పునాది వేసిన కాటన్ దొర

మన దేశంలో మొదటి రైలు పట్టాలు ఎక్కడ వేశారు అని ఎవరైనా అడిగితే, టక్కున బొంబాయి-ఠాణా, 1853 అని చెప్పేస్తాం. స్కూల్లో అలాగే చదువుకున్నాం. నిజానికి అది జనం ఎక్కిన మొదటి రైలు. దానికి 16 ఏళ్ల ముందే, 1837లో, మద్రాసులో రెడ్‌హిల్స్ నుంచి రోడ్ల పనికి రాయి మోయడానికి పట్టాలు పడ్డాయి. ఆ పని చేయించిన ఇంజనీరు ఎవరో తెలుసా? ఆర్థర్ కాటన్. అవును, మన గోదావరి కాటన్ దొరే!

ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత జీవితమంతా రైళ్ల మీద అంత డబ్బు పోయొద్దు, కాలువలు తవ్వండి అని ప్రభుత్వంతో పోట్లాడింది కూడా ఆయనే.

కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో మన గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. ఊళ్లో కాటన్ విగ్రహం చూడని వాళ్లు ఉండరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు అని అందరికీ తెలుసు. ఎలా కట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకుని కట్టాడు అన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. సివిల్ డిప్లొమా చదివి సైట్ల మీద బతుకుతున్నవాడిని కాబట్టి నాకు ఆయన కథలో ఆ భాగమే ఎక్కువ ఇష్టం.

18 ఏళ్లకే పరదేశం

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పెద్ద కుటుంబం, చాలామంది అన్నదమ్ములు. ఈస్టిండియా కంపెనీ తన కొలువుకి కుర్రాళ్లను తయారు చేసుకునే అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివాడు. 16 ఏళ్లకి మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. 1821లో, 18 ఏళ్ల వయసులో, ఓడ ఎక్కి మద్రాసులో దిగాడు. మనలో చాలామంది మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్న వయసు కంటే అది తక్కువే.

మొదట్లో చెరువుల మరమ్మతులు చూశాడు. రామేశ్వరం పక్కన పాంబన్ దగ్గర ఓడలు వెళ్లే దారి కోసం సముద్రం సర్వే చేశాడు. 1824లో బర్మా యుద్ధం వస్తే సైన్యంతో వెళ్లాడు. అది అయ్యాక కావేరి నది పని అప్పగించారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

చోళుల దగ్గర పాఠం

తిరుచిరాపల్లి దగ్గర కావేరి రెండు పాయలవుతుంది. ఒకటి కావేరి, రెండోది కొల్లిడం. కొల్లిడం అడుగు పల్లంగా ఉండడంతో నీళ్లన్నీ అటే జారిపోయేవి. తంజావూరు పొలాలకి నీళ్లు చాలక రైతులు అల్లాడిపోయేవారు. కొల్లిడానికి అడ్డంగా ఆనకట్ట వేయాలి. కానీ ఏటి అడుగున ఎంత లోతు తవ్వినా ఇసుకే. రాయి తగలకుండా పునాది ఎలా? ఆ కాలంలో ఇంగ్లండులో చదివిన ఇంజనీరుకి దీనికి జవాబు లేదు.

జవాబు పక్కనే ఉంది. అది కల్లణై. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే పాత ఆనకట్ట. వందల ఏళ్లుగా ఇసుక మీదే నిలబడి ఉంది. కాటన్ దాన్ని పరీక్షగా చూశాడు. పెద్ద పెద్ద బండరాళ్లను ఇసుకలో దింపారు. అవి కూరుకుపోయిన కొద్దీ పైన ఇంకా వేస్తూ వెళ్లారు. కొంత లోతుకి వెళ్లాక రాయి ఇక దిగదు. అదే పునాది. ఇసుక అంటే భయపడక్కర్లేదు, దాని కింద నుంచి నీళ్లు ఇసుకను కోసుకుపోకుండా చూసుకుంటే చాలు అన్నమాట.

ఆ పాఠంతోనే 1830ల్లో కొల్లిడం మీద ఆనకట్టలు వేశాడు. తంజావూరు డెల్టా మళ్లీ పచ్చబడింది. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ తెలివి తనది అని చెప్పుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత, 1874లో, ఇసుకలో పునాది వేయడం ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని, మద్రాసు వైపు నీటి పనులన్నీ ఆ పాఠం వల్లే నిలిచాయని, వాళ్లకి ఎంతో బాకీ పడ్డామని రాసి పెట్టాడు. పాలించేవాడు పాలితుల దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకోవడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

ఇంకో చిన్న ముచ్చట. నీళ్లకు అడ్డంగా వేసే ఇలాంటి కట్టడాన్ని ఇంగ్లీషు వాళ్లు అనికట్ అంటారు. అది అచ్చంగా మన దక్షిణాది మాటే. తమిళంలో అణైక్కట్టు, తెలుగులో ఆనకట్ట. పనితో పాటు పేరు కూడా ఇక్కడి నుంచే పట్టుకెళ్లారు!

పక్కన గోదావరి, ఇంట్లో ఆకలి

ఇక గోదావరి సంగతి. ఇప్పుడు కోనసీమ అంటే కొబ్బరి, వరి, పచ్చదనం గుర్తొస్తాయి. అప్పట్లో అలా లేదు. వానలు ఎగ్గొడితే కరువు, వరదొస్తే ముంపు. 1832-33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది దాకా పోయారని లెక్క. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టేశాయి. గోదావరి జిల్లాలో 1821లో 7.38 లక్షలున్న జనం 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు వలస పోయారు. అంత పెద్ద నది పక్కన పెట్టుకుని జనం ఆకలితో పోయారు.

కాటన్ 1844లో గోదావరి అంతా తిరిగి చూశాడు. ఆనకట్ట వేస్తే డెల్టా మొత్తానికి నీళ్లు పారించవచ్చని రిపోర్టు ఇచ్చాడు. కంపెనీ ఒప్పుకుంది. జనం మీద జాలి ఒక్కటే కాదు, శిస్తు పెరుగుతుందన్న ఆశ కూడా అందుకు కారణమే. పొలం పండకపోతే పన్ను ఎక్కడి నుంచి వస్తుంది మరి!

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. నాలుగూ కలిపితే కట్టడం పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఎత్తు చూస్తే 12 అడుగులే. కానీ కింద ఉన్నదంతా ఇసుక, పైన వచ్చేది గోదావరి వరద.

పునాదికి బావులు దింపారు. మన ఊళ్లో ఒరల బావి తవ్వుతారు చూడండి, అదే పద్ధతి. గుండ్రంగా కట్టుబడి కట్టి లోపల ఇసుక తోడుతూ ఉంటే, బరువుకి అదే కిందికి దిగిపోతుంది. అలా వరసగా దింపి, లోపల నింపి, దాని మీద రాయి, సున్నంతో కట్టారు. ఆనకట్ట దిగువన నీళ్లు దూకే చోట పెద్ద రాళ్లు పరిచారు. ధవళేశ్వరం కొండ నుంచి రాయి తేవడానికి మళ్లీ పట్టాలు వేసి బళ్లు నడిపారు.

ఇక్కడ గల్ఫ్‌లో కూడా మనం తవ్వేది ఇసుకే. రెండు మీటర్లు దిగగానే నీళ్లు ఊరతాయి. రాత్రింబవళ్లు పంపులు ఆడిస్తాం, మిషన్లతో పైల్స్ దింపుతాం. కరెంటు ఒక గంట పోతే గొయ్యి నిండిపోయి సైట్ అంతా కేకలే. అప్పుడు పంపుల్లేవు, క్రేన్లు లేవు, సిమెంటు లారీలు లేవు. వరద తగ్గాక దొరికే నాలుగైదు నెలల్లోనే పని లాగించాలి. అందుకే పది వేల మంది దాకా కూలీలు, వడ్రంగులు, కమ్మరులు, తాపీ మేస్త్రీలు ఒకేసారి పనిచేశారు.

సూపర్‌వైజర్ వీరన్న

అంతమందిని కూడగట్టడం, పంచడం, మాట వినిపించడం దొర ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆయనకి కుడిభుజంగా నిలబడింది ఒక తెలుగువాడు, వీణెం వీరన్న. కింది ఉద్యోగిగా ఉండి సబ్ ఇంజనీరు దాకా ఎదిగాడు. భాష తెలుసు, మనుషులు తెలుసు, పని తెలుసు. పై నుంచి వచ్చే డ్రాయింగుకీ కింద తట్ట మోసేవాడికీ మధ్య నిలబడటం ఎంత కష్టమో మన సూపర్‌వైజర్లకి, ఫోర్‌మన్లకి చెప్పక్కర్లేదు. ఆయన 1867లో చనిపోయాడు.

1848లో ఎండదెబ్బకి కాటన్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. పని ఆగలేదు. కెప్టెన్ ఓర్ నడిపించాడు. 1850లో కాటన్ తిరిగొచ్చి పూర్తి చేశాడు. 1852 మార్చి 31 నాటికి ఆనకట్ట సిద్ధమైంది. అదే ఓర్ తర్వాత విజయవాడలో కృష్ణా ఆనకట్ట కట్టి 1855లో పూర్తి చేశాడు.

పి.గన్నవరం వైపు వెళ్లిన వాళ్లకి పాత అక్విడక్టు గుర్తుంటుంది. లంకకి నీళ్లివ్వాలంటే మధ్యలో గోదావరి పాయ అడ్డం. అందుకని నది మీద 49 ఆర్చీలతో వంతెనలా కట్టి దాని మీద కాలువ పారించారు. కింద నది, పైన కాలువ! ఆ పని కాటన్ దగ్గర పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ చేయించాడు.

గెలుపుతో పాటు ఓటమి

కాటన్ దృష్టిలో కాలువ అంటే పొలానికి నీళ్లే కాదు, సరుకు మోసే రోడ్డు కూడా. అందుకే గోదావరి కాలువల మీద లాకులు పెట్టించాడు. పడవ లాకులోకి వస్తే తలుపులు మూసి నీటి మట్టం పెంచి లేదా తగ్గించి దాటిస్తారు. ఇవాళ్టికీ మన దగ్గర లాకులు అన్న పేరుతో సెంటర్లు, బస్ స్టాపులు ఉన్నాయంటే కారణం అదే. దేశంలో నదులన్నీ కాలువలతో కలిపేయాలని కూడా ఆయన ప్లాను. నదుల అనుసంధానం అని ఇప్పుడు వినే మాటకి వయసు చాలానే ఉంది.

ఆయన అనుకున్నవన్నీ జరగలేదు. రాయలసీమ వాళ్లకి తెలిసిన కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, ఆయన ఆలోచనే. 1860ల్లో లండన్ పెట్టుబడితో ఒక కంపెనీ తవ్వించింది. ఖర్చు తడిసి మోపెడైంది, రాబడి రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆ కంపెనీకి నష్టమే. సీమ పొలాలకి మాత్రం ఆ కాలువ నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. 1878లో కరువుల మీద, కాలువల ఖర్చు మీద పార్లమెంటు కమిటీ వేస్తే, 75 ఏళ్ల వయసులో దాని ముందు కూర్చుని తన వాదన వినిపించాడు. రైళ్లదే పైచేయి అయింది.

1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండులోని డోర్కింగ్ ఊళ్లో స్థిరపడ్డాక కూడా ఊరుకోలేదు. మట్టి లోతుగా దున్నితే గోధుమ ఎక్కువ పండుతుందా అని ఇంటి దగ్గరే ప్రయోగాలు చేశాడు. 1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన కూతురు లేడీ హోప్ 1900లో తండ్రి జీవిత చరిత్ర అచ్చు వేయించింది. ఈమె పేరు ఇంకో చోట కూడా వినపడుతుంది. జీవపరిణామం చెప్పిన డార్విన్ చివరి రోజుల్లో మనసు మార్చుకున్నాడని 1915లో ఒక కథ అమెరికా పత్రికలో వచ్చింది. ఆ కథ చెప్పింది ఈవిడే! డార్విన్ పిల్లలు మాత్రం అది నిజం కాదని ఖండించారు.

మిగిలింది ఏమిటి

కాటన్ ఆనకట్ట మరమ్మతులతో, ఎత్తు పెంపుతో 130 ఏళ్లు పనిచేసింది. 1970లో మొదలుపెట్టిన కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. దానికీ ఆయన పేరే పెట్టారు. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. గోదావరి స్నానం చేయించే పంతుళ్లు సంకల్పంలో ఒక తెల్లదొరని భగీరథుడితో పోల్చి తలుచుకుంటారంటే అంతకంటే గౌరవం ఏం కావాలి!

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోవాలి. కాటన్ పేరు నిలిచింది, వీరన్న పేరు కొంత నిలిచింది. రాళ్లు మోసిన ఆ పది వేల మంది పేర్లు లేవు. కల్లణై కట్టిన వాళ్లవీ లేవు. రేపు ఈ గల్ఫ్ టవర్ల మీద మన పేర్లూ ఉండవు. అయితే పని బాగా చేస్తే, ఎప్పుడో ఎవడో ఒక ఇంజనీరు వచ్చి దాన్ని పరీక్షగా చూసి నేర్చుకుంటాడు. కాటన్ చేసింది అదే. అందుకే ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లల్ని అడగండి, మన దేశంలో మొదటి రైలు పట్టాలు ఎక్కడ వేశారని. బొంబాయి అంటే, ఈ కథ చెప్పండి. చోళుల కూలీల దగ్గర నుంచి మొదలుపెట్టండి.