ప్రతి ఉదయం పాడే పాట వెనుక మన రాజమండ్రి అమ్మాయి



‘మా తెలుగుతల్లికి’ పాట పాడమంటే మూడో తరగతి పిల్లలు కూడా తడుముకోకుండా పాడేస్తారు. రాసింది ఎవరని అడిగితే పెద్ద తరగతుల పిల్లలు కొందరు శంకరంబాడి సుందరాచారి గారని చెబుతారు. మరి రికార్డు మీద ఆ పాట పాడి ఊరూరా వినిపించింది ఎవరు? ఈ ప్రశ్నకి పిల్లలే కాదు, పెద్దవాళ్ళం కూడా ఒక్క నిమిషం ఆలోచిస్తాం.

ఆమె పేరు టంగుటూరి సూర్యకుమారి. 1925 నవంబరు 13న పుట్టారు. పుట్టింది మన రాజమండ్రిలోనే.

పూటకూళ్ళ ఇంటి మనవరాలు

టంగుటూరి అన్న ఇంటిపేరు వినగానే ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారు గుర్తొస్తారు. ఆయన తమ్ముడు శ్రీరాములు గారి కూతురే సూర్యకుమారి. అంటే ప్రకాశం గారు ఆమెకి పెదనాన్న.

ఆ కుటుంబం డబ్బున్న కుటుంబం కాదు. భర్త పోయాక సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి, నలుగురికి అన్నం వండిపెట్టి పిల్లల్ని పెంచారు. ప్రకాశం గారికి చిన్నప్పుడు నాటకాల పిచ్చి. ఆడవేషాలు కూడా వేసేవారు. ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఆయనలోని చురుకు చూసి, తనతో పాటు రాజమండ్రి తీసుకొచ్చి చదివించారు. వేషాలు వేసే ఆ కుర్రాడే ఈ ఊళ్ళో ప్లీడరయ్యాడు, మునిసిపల్ ఛైర్మన్ అయ్యాడు, తర్వాత ఇంగ్లండు వెళ్ళి బారిష్టరయ్యాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు.

నాటకం పిల్లల్ని పాడుచేస్తుందని ఆ మాస్టారు అనుకోలేదు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడపిల్ల పాడతానంటే పెద్దవాళ్ళూ అలా అనుకోలేదు. సూర్యకుమారి గారి కథకి మొదటి మెట్టు ఇదే.

పన్నెండేళ్ళకే సినిమా

1937లో వచ్చిన ‘విప్రనారాయణ’ సినిమాలో సూర్యకుమారి నటించారు. అప్పటికి ఆమెకి పన్నెండేళ్ళు. తెలుగులో మాటల సినిమా మొదలై అప్పటికి ఐదారేళ్ళే. పేరున్న ఇళ్ళలోంచి ఆడపిల్లని సినిమాకి పంపడమంటే ఊళ్ళో నాలుగు రకాలుగా మాట్లాడుకునే రోజులు. అందులోనూ పెదనాన్న రాజకీయాల్లో పెద్ద నాయకుడు. పరువు పేరు చెప్పి వద్దనడం చాలా తేలిక. ఆ ఇంటివాళ్ళు పంపారు.

ఈనాటి పిల్లలకి ఒక విషయం చెప్పాలి. ఆ రోజుల్లో సినిమాలో నటించేవాళ్ళే తమ పాటలు తామే పాడుకునేవారు. గొంతు బాగుంటేనే వేషం. సూర్యకుమారి గారికి వేషాలు తెచ్చిపెట్టింది ఆమె గొంతే.

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన ‘రైతుబిడ్డ’లో ఆమె ఉన్నారు. జమీందారీ కింద రైతుల కష్టాలు చూపించిన సినిమా అది. జమీందార్లకి కోపం వచ్చింది, కొన్నిచోట్ల ప్రభుత్వం ఆ సినిమా ఆడనివ్వలేదు. 1941లో బి. ఎన్. రెడ్డి గారు తీసిన ‘దేవత’లో నాగయ్య గారితో కలిసి నటించారు. 1947లో తమిళంలో వచ్చిన ‘కటకం’ షేక్‌స్పియర్ నాటకం ‘సింబెలీన్’ ఆధారంగా తీసింది. ఇంగ్లిష్ పాఠం చెప్పే నాకు ఈ సంగతి భలే నచ్చింది. మన ఊళ్ళో పుట్టిన అమ్మాయి షేక్‌స్పియర్ కథలో తమిళంలో మాట్లాడింది!

మూడు నిమిషాల రికార్డు

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. తిరుపతికి చెందిన సుందరాచారి గారు ‘మా తెలుగుతల్లికి’ పాటని 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. సినిమావాళ్ళు దాన్ని వాడుకోలేదు. అక్కడితో ఆ కాగితం ఏ పెట్టెలోనో ఉండిపోవాల్సింది. సూర్యకుమారి గారు పాడగా హెచ్.ఎం.వి. కంపెనీ దాన్ని గ్రామఫోను రికార్డుగా తెచ్చింది. సినిమా వద్దనుకున్న పాట ఇళ్ళలోకి, బళ్ళలోకి, సభల్లోకి వెళ్ళింది.

రికార్డు చేయడమంటే అప్పట్లో ఎంత కష్టమో మన పిల్లలకి తెలియాలి. నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క రికార్డు అది. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పడుతుంది. ఎంత పెద్ద పాటైనా అందులోనే ఇమడాలి. వాయిద్యాలవాళ్ళూ గాయనీ ఒకేసారి, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా పాడాలి. ఒక్క మాట తడబడితే మళ్ళీ మొదటికి. ఇప్పటిలాగా తప్పు పోయిన ముక్కని మాత్రం సరిచేసి అతికించడం కుదరదు.

ఆ పాటలో రెండు నదులు, అమరావతి శిల్పాలు, త్యాగయ్య గొంతు, తిక్కన కలం, రుద్రమ్మ, మల్లమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు అందరూ ఉన్నారు. ఒక జాతి చరిత్ర మూడు నిమిషాల్లో. దాన్ని ఆమె గమకాలతో నింపలేదు. ప్రతి అక్షరం విడివిడిగా వినిపించేటట్టు, విన్నవాళ్ళు వెంటనే అందుకుని పాడగలిగేటట్టు పాడారు. పది మందీ పాడుకునే పాటగా అది నిలబడటానికి ఆ స్పష్టత కూడా ఒక కారణం అనిపిస్తుంది. తర్వాత అదే పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం అయింది.

స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి

రెండో పాట వెనుక కూడా మన గోదావరి నీళ్ళే ఉన్నాయి. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు మద్రాసు రేడియోలో పనిచేసేవారు. విజయవాడ రేడియో కేంద్రం వచ్చింది 1948 డిసెంబరులో. అంతకుముందు మన కోస్తావాళ్ళకి తెలుగు రేడియో అంటే మద్రాసే.

1947 ఆగస్టు 14 రాత్రి, 15లోకి అడుగుపెట్టే వేళ, దేశమంతా రేడియోల దగ్గర కూర్చుంది. ఢిల్లీలో నెహ్రూ గారి ప్రసంగం అయ్యాక, మద్రాసు కేంద్రం నుంచి రజనీ గారు రాసి స్వరపరిచిన ‘మాది స్వతంత్ర దేశం’ పాట వినిపించింది. పాడింది సూర్యకుమారి గారు. రాసినాయనకి 27 ఏళ్ళు, పాడినామెకి 21. నిడదవోలు మాటా రాజమండ్రి గొంతూ కలిసి తెలుగువాళ్ళకి స్వాతంత్ర్యం వచ్చిందని పాడి చెప్పాయి.

చీకటి గదిలో రాణి

1952లో ఆమె మిస్ మద్రాస్‌గా ఎంపికయ్యారు. 1955లో దిలీప్ కుమార్, నిమ్మీలతో హిందీ సినిమా ‘ఉడన్ ఖటోలా’లో రాణిగా కనిపించారు. అక్కడితో ఆగిపోయినా పేరుకి కొదవ లేదు.

కానీ ఆమె అమెరికా వెళ్ళారు. రవీంద్రనాథ్ టాగూర్ గారి శతజయంతి సంవత్సరం 1961లో న్యూయార్క్‌లోని ఒక చిన్న థియేటర్లో ఆయన నాటకాన్ని ‘ది కింగ్ ఆఫ్ ది డార్క్ చాంబర్’ పేరుతో ఇంగ్లిష్‌లో వేశారు. దర్శకుడు కృష్ణ షా. అందులో రాణి సుదర్శన పాత్ర సూర్యకుమారి గారిది. ఆ నాటకంలో రాజు ఎవరికీ కనిపించడు. చీకటి గదిలో రాణి అతని గొంతు మాత్రమే వింటుంది. ముఖం చూడకుండా మనిషిని తెలుసుకోవడం ఎలా అన్నదే ఆమె బాధ. ఈ పాత్రకి అక్కడి నాటక విమర్శకుల సంఘం, ఔటర్ క్రిటిక్స్ సర్కిల్, ఆమెకి అవార్డు ఇచ్చింది.

ఆలోచిస్తే ఆమె విషయంలో మనదీ ఆ రాణి పరిస్థితే. గొంతు విన్నాం, మనిషిని చూడలేదు.

లండన్‌లో టీచరమ్మ

1965లో ఆమె లండన్ చేరారు. అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. కొత్త దేశం, తన పాత సినిమాలు ఎవరికీ తెలియని ఊరు. అక్కడ ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ అనే సంస్థ పెట్టి పాట, నాట్యం నేర్పించారు, ప్రదర్శనలు ఇచ్చారు. మన పాటల అర్థం అక్కడివాళ్ళకి ఇంగ్లిష్‌లో విప్పి చెప్పారు. హెరాల్డ్ ఎల్విన్ అనే ఆంగ్ల చిత్రకారుణ్ణి పెళ్ళి చేసుకున్నారు. ఆయన రచయిత కూడా. సైకిలు మీద ఇండియాకి ప్రయాణం చేసి దాని మీద పుస్తకం రాసిన మనిషి. 1985లో ఆయన పోయారు. ఆమె మాత్రం నేర్పడం వదల్లేదు. 2005 ఏప్రిల్ 25న లండన్‌లోనే కన్నుమూశారు. 79 ఏళ్ళు.

దూరం వెళ్ళినందుకు ఆమె ఒక మూల్యం చెల్లించారు. ఆమె వెళ్ళాక ఇక్కడ కొత్త గొంతులు వచ్చాయి. పాట మాత్రం రోజూ మోగింది, పాడినామె పేరు నెమ్మదిగా జారిపోయింది. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి పేరు గోదావరి పిల్లలకి తెలియకుండా పోవడం మనకి లోటు.

పేరెంట్స్ మీటింగ్‌లో వినిపించే మాట

ఎనిమిదో తరగతి రాగానే సంగీతం, డాన్సు మానిపించేద్దాం మేడమ్, ఇక చదువు మీద పెట్టాలి కదా అని చాలామంది అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఫీజులు కట్టడానికి మీరు పడే కష్టం కూడా తెలుసు. పాట నేర్చుకున్న ప్రతి పిల్లా సూర్యకుమారి అవుతుందని నేను చెప్పలేను.

ఒకటి మాత్రం ఆమె జీవితంలో కనిపిస్తుంది. మద్రాసులో, న్యూయార్క్‌లో, లండన్‌లో ప్రతిసారీ ఆమె కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. ప్రతిసారీ చేతిలో ఉన్న పెట్టుబడి చిన్నప్పుడు నేర్చుకున్న పాటే. ఇంగ్లిష్ ఆమెకి తలుపు తెరిచింది, ఆ తలుపు లోపలికి తీసుకెళ్ళడానికి తెలుగు పాట ఉంది. మన పిల్లలకి ఇంగ్లిష్ మనం బాగానే నేర్పిస్తున్నాం. లోపలికి ఏం తీసుకెళ్తారన్నది కూడా మీరూ మేమూ కలిసి చూసుకోవాలి. వారానికి రెండు గంటలు అందుకు ఎక్కువ కాదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. ఒక ఆదివారం ఫోన్లో సూర్యకుమారి గారి పాత రికార్డు వెతికి పిల్లలతో కలిసి వినండి. గరగర శబ్దం వస్తే అది లక్క రికార్డు తిరుగుతున్న చప్పుడని చెప్పండి.

2. ‘మా తెలుగుతల్లికి’ పాటలో వచ్చే పేర్లు పిల్లల చేత రాయించి, ఒక్కొక్కరూ ఎవరో అడగండి. తెలియనివి అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తెలుసుకోమనండి.

3. తప్పు వస్తే మళ్ళీ మొదటి నుంచి పాడాలన్న నియమం పెట్టి, మూడు నిమిషాల్లో ఒక పాట ఆగకుండా పాడించి ఫోన్లో రికార్డు చేయండి. ఎన్నిసార్లు మొదలుపెట్టాల్సి వచ్చిందో లెక్కపెట్టమనండి. ఆ అంకెని తరగతిలో పంచుకుందాం.