కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

గ్రంథాలయమునకు ఇల్లు కావలెను, బీరువాలు కావలెను, దీపము కావలెను, వేళకు తలుపు తీయువాడు కావలెను. ఇవి యన్నియు సమకూరిన పిమ్మట గూడ, చదువరి వచ్చి అడిగిన విషయము అతని భాషలో లేనిచో, తెరచిన తలుపు మూసిన తలుపుతో సమానమే యగును. ఈ లోపమును స్పష్టముగా గుర్తించి, దానిని తీర్చుటకే తమ జీవితమును ధారవోసిన మహనీయులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వారు గ్రంథాలయమును స్థాపించుటతో తృప్తిపడక, అందులో నుంచదగిన గ్రంథములను గూడ పుట్టించిరి.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన, ఆనాటి కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. పసితనముననే తండ్రి గతించెను. అక్క అచ్చమాంబగారు తమ్మునికంటె సుమారు మూడేండ్లు పెద్ద. ఆకాలపు ఆచారమునుబట్టి ఆమెకు బడిచదువు లేదు. తమ్మునికి పాఠములు చెప్పుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమె అక్షరములు నేర్చుకొనిరి. అట్లు దక్కించుకొనిన చదువుతోనే పెద్దయైన పిమ్మట అబలాసచ్చరిత్రరత్నమాల యను గ్రంథము రచించి, ఉత్తమస్త్రీల చరిత్రములను తెలుగువారికి అందించిరి. ఒకే యింట, ఒకే పాఠము తమ్మునికి హక్కుగా లభించెను. అక్కకు ప్రక్కన కూర్చుండుటచేత మాత్రమే లభించెను. విద్య అందరికిని అందవలెనను లక్ష్మణరావుగారి పట్టుదలకు మొదటి పాఠము ఆ యింటనే జరిగినదని చెప్పవచ్చును.

అచ్చమాంబగారి భర్త భండారు మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండిరి. అక్కాబావల ప్రాపున లక్ష్మణరావుగారు నాగపురమునకు పోయి, అచ్చట ఉన్నతవిద్య నభ్యసించి 1900వ సంవత్సరమున బి. ఏ. పట్టమును, తరువాత ఎం. ఏ. పట్టమును పొందిరి. నాగపురమున వారికి కలిగిన గొప్పలాభము పట్టము కాదు, మరాఠీ భాష. మహారాష్ట్రులు తమ చరిత్రను తామే పరిశోధించి తమ భాషలోనే వ్రాసికొనుచుండిరి. లక్ష్మణరావుగారు ఆ భాషను క్షుణ్ణముగా నేర్చి, మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. ఇంగ్లీషు రానివాడు గూడ అచ్చట లోకవృత్తాంతమును, చరిత్రను తెలిసికొనగలుగుట చూచినకొలది, తెలుగువానికి అట్టి భాగ్యము కొరవడుట వారి మనస్సును కలచివైచెను. తెలుగున శివాజీ చరిత్రమును వ్రాసి వారు తమ కృషికి నాంది పలికిరి.

పిమ్మట వారు మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. మునగాల పరగణా కృష్ణాజిల్లాకు చెందినదే యైనను నలుదెసల నైజాము రాజ్యమే ఆవరించియుండెను. అందుచే నైజామునందలి తెలుగువారి స్థితిగతులు వారికి బాగుగా తెలియుచుండెను. ఆ రాజ్యమున కచ్చేరీలయందును, పాఠశాలలయందును ఉర్దూభాషదే పెత్తనము. జనులలో ఎక్కువమంది మాటాడునది తెలుగే యైనను, ఆ భాషకు ఇంటి గడప దాటిన పిమ్మట గౌరవము లేకుండెను. ఇట్టి తరుణమున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారి యింట, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. లక్ష్మణరావుగారు, రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దాని స్థాపకులలో ముఖ్యులు. 1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. ఒక దీపమునుండి మరియొక దీపమును వెలిగించినట్లు తెలంగాణమున గ్రంథాలయములు పుట్టసాగెను.

అయితే భాషానిలయమున పెట్టుటకు పుస్తకము లేవి? పురాణములు, ప్రబంధములు, శతకములు ఉండెను. అవి మన సొత్తు, వానికి కొరతలేదు. కాని దేశచరిత్రమేమి, రోగమెట్లు అంటుకొనును, నేల యేల సారము కోల్పోవును, ధర లేల హెచ్చును అని అడిగినవానికి చూపదగిన తెలుగు పుస్తకములు మిక్కిలి అరుదు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి భారతదేశమున నూటికి ఐదుగురు మాత్రమే చదువను వ్రాయను నేర్చినవారు. ఆ ఐదుగురిలో ఇంగ్లీషు వచ్చినవారు మరింత కొలదిమంది. శాస్త్రజ్ఞానమంతయు ఆ కొలదిమంది చేతిలోని తాళపుచెవి యైయుండెను.

ఈ కొరతను తీర్చుటకు 1906వ సంవత్సరమున హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడెను. లక్ష్మణరావుగారు దానికి ప్రాణము; సంపాదకత్వము వారిది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము మండలి ప్రచురించిన మొదటి గ్రంథము. కట్టెలు కొట్టుకొను పేదకుటుంబమున పుట్టి, ఎరువు పుస్తకములతో చదివి, దేశాధిపతియైనవాని కథతో మండలి ప్రారంభించుట మిక్కిలి సముచితముగా నుండెను. 1908వ సంవత్సరమున హరిసర్వోత్తమరావుగారు తమ పత్రికలోని వ్రాతకుగాను చెరసాల పాలైరి. ఆ సంవత్సరముననే మండలి మదరాసునకు తరలెను. పని మాత్రము ఆగలేదు.

లక్ష్మణరావుగారు స్వయముగా హిందూమహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్రగ్రంథములు వ్రాసిరి. చిలుకూరి వీరభద్రరావుగారిచేత ఆంధ్రుల చరిత్రమును, కట్టమంచి రామలింగారెడ్డిగారిచేత అర్థశాస్త్రమును, ఆచంట లక్ష్మీపతిగారిచేత వైద్యవిషయక గ్రంథములను వ్రాయించిరి. వ్యవసాయము, పదార్థవిజ్ఞానము, రసాయనము మొదలగు శాస్త్రములకు గూడ తెలుగున పుస్తకములు వచ్చెను. శాస్త్రమునకు తగిన తెలుగుమాటలు లేనిచోట క్రొత్తమాటలు కల్పింపవలసి వచ్చెను. నవలల పోటీలుపెట్టి బహుమతులు గూడ ఇచ్చిరి. నవల కొరకు మండలి పుస్తకము చేతబట్టినవాడు ప్రక్కనున్న శాస్త్రగ్రంథమును గూడ ఒకసారి తిరుగవేయుట సహజము గదా! చందాదారుల ఆధారముతో, ప్రభుత్వపు ప్రాపు కోరక, ఒక భాషకు కావలసిన విద్యను కొలదిమంది మిత్రులు ఇట్లు సమకూర్చిరి.

లక్ష్మణరావుగారి తలంపు ఇంకను పెద్దది. ఇంగ్లీషువారికి బ్రిటానికా విజ్ఞానసర్వస్వ మున్నట్లు, తెలుగువానికి గూడ సమస్త విషయములు అక్షరక్రమమున దొరకు గ్రంథ ముండవలెనని వారు సంకల్పించిరి. సంస్కృతము, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు మొదలగు పెక్కు భాషలు వచ్చుట ఇందులకు తోడ్పడెను. మదరాసున నివసించుచు, పండితుల వ్యాసములను సేకరించుచు, వానిని దిద్దుచు, పెక్కింటిని తామే వ్రాయుచు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును సాగించిరి. మూడు సంపుటములు వెలువడెను. అకారాది శబ్దములతోనే ఆ మూడును నిండెను. మిగిలిన అక్షరము లన్నియు ముందుండగా, ఉబ్బసముతో చిక్కిన దేహము సహకరింపదయ్యెను. 1923వ సంవత్సరము జూలైమాసమున, 46 సంవత్సరముల ప్రాయమున, మదరాసులో వారు దివంగతులైరి.

ఆ సంకల్పము ఒక మనుష్యుని శక్తికి మించినదనుట నిజము. ప్రభుత్వములును, విశ్వవిద్యాలయములును చేయవలసిన పనిని ఒకరు భుజమున కెత్తుకొనిరి. కాని వారు ఆ బరువు నెత్తకయుండినచో, అది ఎత్తవలసిన బరువని పరులకు తోచుటకు ఇంకెంత కాలము పట్టెడిదో! వారి యనంతరము దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు విజ్ఞానసర్వస్వమును తిరిగి చేపట్టిరి. వారును 1938వ సంవత్సరమున గతించిరి. 1947వ సంవత్సరమున ఏర్పడిన తెలుగు భాషాసమితి అక్షరక్రమమును విడిచి, విషయమునకొక సంపుటముగా ఆ కార్యమును నడపెను. హైదరాబాదులోని చరిత్రపరిశోధకులు తమ సంఘమునకు లక్ష్మణరాయ పరిశోధకమండలి యని పేరుపెట్టి, 1935వ సంవత్సరమున తెలంగాణా శాసనములను ప్రకటించిరి.

అచ్చమాంబగారు 1905వ సంవత్సరమున గతించిరి. మరుసటి సంవత్సరమున పుట్టిన కుమార్తెకు లక్ష్మణరావుగారు అక్కగారి పేరే పెట్టిరి. ఆ రెండవ అచ్చమాంబగారు వైద్యవిద్య నభ్యసించి డాక్టరై, ప్రసూతి, శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957వ సంవత్సరమున విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. మేనత్త తమ్ముని ప్రక్కన కూర్చుండి అక్షరములు ఏరుకొనగా, మేనకోడలు తల్లులందరికిని పుస్తకము వ్రాసి యిచ్చెను. ఒక కుటుంబమున, ఒక్క తరములో జరిగిన మార్పు ఇది.

రజతోత్సవము జరుపుకొనునాడు గ్రామగ్రంథాలయము తన పుస్తకములను లెక్కించుకొనుట వాడుక. లక్ష్మణరావుగారిని స్మరించువారు మరియొక లెక్క గూడ చూడవలెను. తెగులు సోకిన చేనుగల రైతు, కాన్పునకు సిద్ధమైన యింటి యాడుబిడ్డ, కాగితముపై వ్రాలుచేయుటకు ముందు చట్టము తెలియగోరు కూలివాడు వచ్చి అడిగిననాడు, వారి భాషలో వారికి చూపదగిన పుస్తకములు ఎన్ని గలవు? ఆ లెక్క పెరిగిన కొలది, అకారముతో నిలిచిన పంతులుగారి పని ఒక్కొక్క అక్షరమే ముందునకు సాగుచుండును.